పది చేతుల సకినం

ఇంట్లో చేసి ఇచ్చే కానుక అంటే కొనే స్తోమత లేనివాళ్ల సర్దుబాటు అని ఇప్పుడు చాలామంది లోలోపల నమ్ముతున్నారు. కొన్నది పెద్దది, చేసినది చిన్నది అన్న ఈ లెక్క పెళ్లి పందిళ్లలోనూ పండగ ఇళ్లలోనూ బాగా పాతుకుపోయింది. గోదావరికీ మానేరుకూ నడుమనున్న పెద్దపల్లి ప్రాంతంలో, బియ్యప్పిండిని వేళ్లతో చుట్లుగా చుట్టి నూనెలో వేయించే సంక్రాంతి సకినాల గతాన్ని కాస్త నిదానంగా చూస్తే మాత్రం ఈ లెక్క నిలవదు. తల్లిగారింటి నుంచి అత్తగారింటికి ఆడబిడ్డ వెంట వెళ్లిన సకినాల గంప, ఒకప్పుడు మామూలు రైతు ఇల్లు ఇవ్వగలిగిన ఖరీదైన కానుకల్లో ఒకటి. అందులో ఆ ఇల్లు రోజూ తినని బియ్యం ఉంది, గానుగలో పట్టిన నూనె ఉంది, చేలో పండిన నువ్వులు ఉన్నాయి. అన్నిటికీ మించి ఒక్క మనిషి వల్ల కాని పని ఉంది. నేను చెప్పదలచినది ఆ పని గురించే. వాడకట్టు ఆడవాళ్లు ఒకరికొకరు వంతులవారీగా చేసిపెట్టిన పనే సకినానికి అసలు విలువ తెచ్చింది. సరుకు కరువుగా ఉన్న కాలంలో ఆ సంగతి సరుకు చాటున మరుగునపడి ఉంది. బియ్యం, నూనె సులువుగా దొరకడం మొదలైన నలభై యాభై ఏళ్లలోనే అది పైకి తేలింది. సకినం గతం తెలుసుకోవాల్సింది పాత రుచుల మీద మమకారంతో మాత్రమే కాదు. చేతిపనికి మనం ఎప్పుడు విలువ కట్టామో, ఎప్పుడు కట్టలేదో అందులో తెలుస్తుంది.

ఇలాంటి దానికి చరిత్ర రాయడం ఎట్లా అన్న ప్రశ్న ముందే ఎదురవుతుంది. పెద్దపల్లి చుట్టుపక్కల పాత ఆనవాళ్లకు కొదవ లేదు. ధూళికట్టలో బౌద్ధ స్తూపం బయటపడింది. పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల కాలపు నాణేలు వేల సంఖ్యలో దొరికాయి. రామగిరి కోట గోడలు గుట్ట మీద ఇప్పటికీ కనిపిస్తాయి. రాయి, ఇటుక, లోహం నిలిచినట్టు పిండి నిలవదు. తిన్నాక ఏమీ మిగలకపోవడమే వంట స్వభావం. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల వరసలను పక్కనపెట్టి, కావ్యాల్లోంచి తెలుగువాళ్ల తిండి, కట్టుబట్ట, ఆటలు, అలవాట్లు ఏరి చూపారు. వంటింటి సంగతి కూడా చరిత్రేనని తెలుగు చదువరులకు నమ్మకం కలిగించిన పుస్తకం అది. అయితే కవి చూపు వడ్డించిన విస్తరి మీద నిలిచినంతగా వండిన చేతుల మీద నిలవదు. అందుకని సకినం గతానికి ఇంకో దారి పట్టాలి. ఒక వస్తువు దేనితో తయారవుతుందో, ఏ కాలంలో తయారవుతుందో, ఎందరు కలిస్తే తయారవుతుందో చూస్తే దాని చుట్టూ ఉన్న బతుకు తెలుస్తుంది. బియ్యం ఏ నీళ్ల కింద పండాయి, నూనె ఎవరు పట్టారు, పిండి ఎవరు దంచారు, గంప ఎవరింటికి పోయింది అని వరసగా అడుగుతూ పోతే పుస్తకంలో లేని జవాబులు కొన్ని దొరుకుతాయి.

మొదట బియ్యం సంగతి. సుల్తానాబాద్, పెద్దపల్లి రోడ్ల వెంట వరసగా ఉన్న రైసుమిల్లులు చూసినవాళ్లకు ఇది ఎప్పటినుంచో వరి నేలే అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ వరి చాలాకాలం చెరువు కిందా బావి కిందా పండిన పంట. కాకతీయుల నాటి నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువులే దానికి ఆధారం. చెరువు నిండితే వరి, లేకుంటే లేదు. మెరక చేలల్లో జొన్న, మక్క, కంది, పెసర, నువ్వు, ఆముదం పండేవి. కూలినాలి చేసుకునే ఇంట్లో రోజువారీ కడుపు నింపింది జొన్నగట్క, మక్కగట్క, అంబలి. తెల్లన్నం పండక్కో, చుట్టం వచ్చిన నాడో. సంక్రాంతి వచ్చేది వానకాలం వరి కోసి, కుప్ప నూర్చి, వడ్లు ఇంటికి చేరిన తర్వాత. ఏడాదంతా మళ్లీ చూడనంత ధాన్యం ఒక్కసారిగా కంటపడేది అప్పుడే. సకినానికి కొత్త బియ్యమే కావాలని పెద్దవాళ్లు పట్టుబట్టడంలో వంట నేర్పు ఉంది. పాత బియ్యప్పిండికి జిగి తక్కువ, వేళ్ల మధ్య తీగ సాగదు. అదే పట్టుదలలో పంట లెక్క కూడా ఉంది. అప్పుడే ఇంటికొచ్చిన బియ్యంలోంచి కొంత కొలిచి, అన్నానికి దాచుకోకుండా పిండి చేసి ఇంకొకరింటికి పంపడమంటే ఆ ఏటి పంటను వాళ్లతో పంచుకోవడమే. గట్క తిని బతికే ఇంట్లోంచి బియ్యపు సకినాలు బయటికి వెళ్లాయంటే, ఆ ఇంటివాళ్లు తాము తినేదానికన్నా మంచిది అవతలివాళ్లకు పంపారన్నమాట. కొనలేక చేసి ఇచ్చే వస్తువుకు ఈ గుణం ఉండదు.

తర్వాత నువ్వులు, నూనె. కరీంనగర్ ప్రాంతం నువ్వు బాగా పండే నేల. జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం వరి వంగడాలతో పాటు నువ్వు వంగడాలు తయారుచేయడానికీ కారణం ఈ పంట ఇక్కడి రైతుకు అంత దగ్గరిది కావడమే. గింజ చేతికొచ్చినా నూనె సులువుగా వచ్చేది కాదు. గాండ్లవాళ్ల గానుగలో ఎద్దు తిరగాలి, పట్టిన నూనెను ఇంట్లో పొదుపుగా వాడుకోవాలి. పోపు వేయడానికే చెంచాతో కొలుచుకునే ఇంట్లో, కడాయి నిండా నూనె పోసి వందల కొద్దీ సకినాలు వేయించడం చిన్న ఖర్చు కాదు. ఇక్కడే ఇంకో సంగతి గుర్తు చేసుకోవాలి. 1905లో ఎలగందుల పేరు పోయి కరీంనగర్ జిల్లా అయింది. 1948 దాకా ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉంది. ఆ కాలపు తెలంగాణ పల్లెల్లో వెట్టి ఎట్లా నడిచిందో పోరాటకారులూ చరిత్రకారులూ వివరంగా రాశారు. దొర ఇంట్లో పండగైతే, పెళ్లయితే కులవృత్తుల వాళ్లు తమ సరుకూ తమ చాకిరీ ఊరికే అప్పజెప్పాలి. కుమ్మరి కుండలు, సాలె బట్ట, గౌండ్ల కల్లు, చాకలి మంగలి సేవలు అన్నీ ఇందులోకి వచ్చేవి. అదే చేతులు, అదే సరుకు, అదే పండగ. తేడా ఎక్కడుందంటే దొర గడపలోకి పోయిన పనికి బదులు రాదు. పక్కింటి ఆమె గుడ్డ మీద సకినాలు చుట్టిన పని రేపో మాపో తన ఇంటికి తిరిగి వస్తుంది. వెట్టి అలవాటైన ఊళ్లలో తిరిగి వచ్చే పని అనేది ఎంత గౌరవమైన సంగతో ఊహించుకోవచ్చు. చేతిపని కానుక కావడానికి దాన్ని ఇష్టంతో చేయడం, తిరిగి పొందే హక్కు ఉండడం రెండూ అవసరం.

ఆ పని ఎట్లా ఉంటుందో దగ్గరగా చూస్తే తప్ప ఈ మాట బోధపడదు. ముందు రోజు బియ్యం నానబోస్తారు. రాత్రంతా నానిన బియ్యాన్ని వడగట్టి గుడ్డ మీద పలచగా ఆరబోసి, చేతికి తడి తగిలీ తగలనట్టుండగానే పిండి చేస్తారు. ఒకప్పుడు ఇది రోట్లో రోకళ్లతో దంచిన పిండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకలి వెంట రోకలి వేస్తే గాని గంపెడు బియ్యం పిండి కాదు. జల్లించిన పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పిసుకుతారు. నేల అలికి, ఉతికిన పాత ధోవతి గాని దుప్పటి గాని పరిచి, మధ్యలో గౌరమ్మను చేసి పెట్టి పసుపు కుంకుమ దిద్ది, మొదటి చుట్టు ఆమె చుట్టూ వేస్తారు. ఇక అసలు నేర్పు వేళ్లది. పిండి ముద్ద అరచేతిలో ఉంటుంది. బొటనవేలూ పక్క రెండు వేళ్లూ దాన్ని నులుముతూ వదులుతుంటే మెలితిరిగిన తీగ జారి గుడ్డ మీద పడుతుంది. ఆ తీగ తెగకుండా చుట్టు పక్కన చుట్టు తిప్పుకొచ్చి కొసను అంటిస్తారు. నువ్వుగింజ అడ్డొచ్చిన చోట తీగ తెగబోతుంది. అలవాటైన వేలు అక్కడ రవ్వంత ఆగి, గింజను పిండిలోకి ఒత్తి ముందుకు సాగుతుంది. పిండి పలచనైతే చుట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, గట్టిదైతే విరుగుతాయి. కింది గుడ్డ తడి పీల్చుకున్నాక సకినాన్ని చెదరకుండా లేపి కాగిన నూనెలో వదలాలి. తడి ఆరనిది నూనెలో చిట్లుతుంది, మరీ ఆరినది లేపేటప్పుడే ముక్కలవుతుంది.

ఈ పద్ధతిలోనే పదిమంది అవసరం ఇమిడి ఉంది. కలిపిన పిండి ఆగదు. ఒక్కతే కూర్చుంటే సగం సకినాలు చుట్టేలోపు మిగతా పిండి బిగుసుకుపోతుంది, మొదట చుట్టినవి ఎండిపోతాయి. ఒకరు పిండి తడుపుతుంటే, నలుగురు చుడుతుంటే, ఒకరు ఆరినవాటిని ఏరి లేపుతుంటే, ఒకరు పొయ్యి దగ్గర కూర్చుంటే పని నడుస్తుంది. అందుకే ఇవాళ ఒక ఇల్లు, రేపు ఒక ఇల్లు అని వాడకట్టంతా వంతులు వేసుకునేది. కోస్తా జిల్లాల జంతికలకు ఇంత మంది అక్కర్లేదు. గొట్టంలో పిండి పెట్టి నొక్కితే ఒక్క మనిషే చేసుకోవచ్చు. సకినానికి గొట్టం ఎందుకు రాలేదని అడగవచ్చు. నిండు నువ్వుగింజలున్న తడిపిండి రంధ్రంలో ఇరుక్కుంటుందన్నది ఒక కారణం. తమిళనాడు చేతిమురుకును పక్కన పెట్టి చూస్తే ఇంకో కారణం తోస్తుంది. అక్కడ కూడా గొట్టంతో చేసే మురుకు ఉంది. అయినా పెళ్లి సారెలో పెట్టే మురుకును వేళ్లతో మెలిపెట్టి చుట్టడం మానలేదు. ఏడు చుట్లు, తొమ్మిది చుట్లు, పదకొండు చుట్లు అని చుట్ల లెక్కతోనే ఆ మురుకుకు మర్యాద. రెండు చోట్లా సులువైన పనిముట్టు అందుబాటులో ఉంది, రెండు చోట్లా వియ్యంకుల మధ్య నడిచే కానుకను మాత్రం చేత్తోనే చేశారు. కాలక్షేపానికి తినే అప్పం ఎట్లా చేసినా ఫర్వాలేదు గాని, బిడ్డ వెంట పంపేదాంట్లో చేయి కనిపించాలి. ఈ పట్టుదల ఇంత దూరంగా ఉన్న రెండు ప్రాంతాల్లో కనిపించడాన్ని యాదృచ్ఛికం అని తీసేయలేం.

గంప అత్తగారింటికి చేరడంతో సకినం ప్రయాణం పూర్తి కాదు. అక్కడ దాన్ని విప్పి పాలివాళ్లకూ, ఇరుగుపొరుగుకూ, దగ్గరి చుట్టాలకూ పంచుతారు. కొత్త కోడలు ఏ ఊరిదో, ఆమె తల్లిగారు ఎట్లాంటివాళ్లో ఆ వాడకు ముందుగా తెలిసేది ఆ నాలుగు సకినాల వల్ల. చుట్లు సమంగా ఉన్నాయా, తెల్లగా వేగాయా, నోట్లో వేసుకుంటే విరుగుతున్నాయా అని చూసి అక్కడి ఆడవాళ్లు అవతలి వాడకట్టు పనితనాన్ని అంచనా వేసేవాళ్లు. పండగకు తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డ తిరిగి వెళ్లేటప్పుడు ఒట్టి చేతులతో పోకూడదన్న నియమం వెనక ఉన్నది ఇదే. ఫ్రెంచ్ పండితుడు మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలు కానుకలో కలిసి ఉంటాయన్నాడు. ఇచ్చినవాడి అంశ ఏదో ఇచ్చిన వస్తువులో మిగిలి ఉంటుందని చాలా సమాజాలు నమ్మాయన్నాడు. సకినం విషయంలో ఆ సూత్రానికి ఒక చేర్పు అవసరమవుతుంది. ఇక్కడ ఇచ్చేది ఒక ఇల్లే అయినా చేసినవి చాలా ఇళ్లు. ఒక తల్లి తన బిడ్డకు పంపిన గంపలో పక్కింటి ఆమె చుట్టినవి, ఎదురింటి అవ్వ చుట్టినవి కలిసే ఉంటాయి. పెళ్లై వెళ్లిన పిల్లకు వెనక తల్లిదండ్రులు మాత్రమే కాక ఒక వాడ ఉందని అవతలి వాడకు చెప్పే పద్ధతి అది. ఆ పిల్ల అత్తగారింట్లో ఒంటరిది కాదన్న కబురు ఆ గంపతో వెళ్లేది.

ఇదంతా మంచి మాటల్లో చుట్టి చెబుతున్న కట్నమే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ఆక్షేపణలో బలం ఉంది. గంప ఎప్పుడూ ఒక వైపు నుంచి, ఆడపిల్లవాళ్ల వైపు నుంచే కదులుతుంది. ఇన్ని వందలు పంపాలని వియ్యపురాలు లెక్క చెప్పిన ఇళ్లూ, తక్కువ వచ్చాయని కోడల్ని దెప్పిన ఇళ్లూ ఉన్నాయి. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చినా ఆనవాయితీ పేరుతో సాగే ఇచ్చిపుచ్చుకోళ్ల ఒత్తిడి తగ్గలేదన్నది అందరికీ తెలిసిన విషయమే. రెండో ఆక్షేపణ కులానిది. వంతులు వేసుకున్న వాడకట్టు చాలాచోట్ల ఒకే కులం వాళ్ల వాడకట్టు. పిండిలో ఎవరి చేయి పెట్టనిచ్చారు, ఎవరి చేయి పెట్టనివ్వలేదు అని చూస్తే ఊరు గీసిన గీతలన్నీ ఆ గుడ్డ మీద కూడా కనిపిస్తాయి. ఈ రెండింటినీ కాదనడానికి లేదు. కానీ కట్నంలోనూ సకినంలోనూ ఉన్న తేడా ఒకటి చూడాలి. కట్నం మగవాళ్లు కూర్చుని మాట్లాడుకున్నది, అప్పు చేసైనా తెచ్చిపెట్టేది, అవతలి ఇంట్లో చేరి అక్కడే ఉండిపోయేది. సకినం ఆడవాళ్లు కూడి చేసినది, అవతల కూడా ఆడవాళ్ల చేతుల మీదుగా పంపకమై పోయేది. దాన్ని కూడబెట్టలేరు. నెల దాటితే మెత్తబడుతుంది, వాసన పడుతుంది. కూడబెట్టడానికి వీల్లేని వస్తువును ఇచ్చిపుచ్చుకోవడం వల్ల ఇంటికి ఆస్తి పెరగదు, పరిచయం మాత్రమే పెరుగుతుంది. లెక్క అడగడం అనే చెడు బయటినుంచి వచ్చి దీని మీద పడింది. దాన్ని వదిలించుకుంటే సకినానికి పోయేదేమీ లేదు. కులపు గీత అలా కాదు, అది వంతుల పద్ధతిలోనే మొదటినుంచీ ఉంది. ఈ ఆచారాన్ని ముందుకు తీసుకుపోవాలనుకునేవాళ్లు ముందుగా చెరపాల్సింది దాన్ని.

సరుకు విలువ మారిన కథ ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో మొదలవుతుంది. 1963 జులై 26న పోచంపాడు దగ్గర ప్రధాని నెహ్రూ శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. తర్వాతి దశాబ్దాల్లో కాకతీయ కాలువ నీళ్లు డీ-83, డీ-86 ఉపకాలువల గుండా పెద్దపల్లి, మంథని వైపు పారాయి. జొన్న చేలు మడులయ్యాయి. జగిత్యాల సన్నాల వంటి వంగడాలు వచ్చాయి, రైసుమిల్లులు వెలిశాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టాక కాలువ నీరు అందని ఇంట్లోకి కూడా తెల్లన్నం చేరింది. రామగుండంలో 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్ నడక మొదలుపెట్టాయి. ఊరూరా కరెంటు గిర్ని వచ్చాక పిండి దంచే రోకళ్లు మూలకు చేరాయి. రేషన్ దుకాణంలో పామాయిల్ ప్యాకెట్లు, కిరాణంలో పల్లినూనె డబ్బాలు దొరికాయి. 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడంతో కట్టెలు ఏరుకొచ్చే పని కూడా తగ్గింది. ఒక్కొక్కటిగా చూస్తే ఇవన్నీ ఆడవాళ్ల నడుం నొప్పి తగ్గించిన మంచి మార్పులే. కలిపి చూస్తే ఇంకోటి కూడా అర్థమవుతుంది. సకినంలో ఉన్న నాలుగు ఖర్చుల్లో బియ్యం, నూనె, దంపుడు మూడూ చవకయ్యాయి. చవక కానిది, యంత్రానికి అప్పజెప్పలేనిది చుట్టే పని ఒక్కటే. సకినం విలువ సరుకు వల్ల వచ్చిందే అయితే, ఆ సరుకు అగ్గువైన నాడు పెళ్లి సారెలోంచి, సంక్రాంతి గంపలోంచి అది జారిపోయి ఉండాలి. అది జరగలేదు. గట్క కరువు కాలపు తిండిగా పక్కకు పోయినా, బియ్యం రోజువారీ కూడైనా, సకినం కానుకగానే నిలబడింది. నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఆధారం ఇదే.

చేతులకు మాత్రం అప్పటికే వేరే గిరాకీ వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల్లో బీడీల పని ఆడవాళ్లకు పెద్ద ఆధారమైంది. తునికాకు కత్తిరించి, తంబాకు పరిచి, వేళ్లతో చుట్టి, దారం కట్టే ఆ పనికి వెయ్యికి ఇంత అని కూలి. 1966లో బీడీ కార్మికుల చట్టం కూడా వచ్చింది. సకినం చుట్టిన వేళ్లకూ బీడీ చుట్టిన వేళ్లకూ నేర్పు ఒకటే గాని, బీడీ వల్ల ఆడవాళ్ల గంటకు మొదటిసారి ఇంటి గడపలోనే ధర పలికింది. దాంతో పక్కింట్లో సకినాలు చుట్టి వచ్చిన రోజు కూలి పోయిన రోజుగా కనిపించడం మొదలైంది. అదే కాలంలో గోదావరిఖని చుట్టూ బొగ్గు గనులు విస్తరించి, ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో కంపెనీ క్వార్టర్లలో పక్కపక్కన చేరారు. పాత చుట్టరికపు వాడకట్టు అక్కడ లేదు. 1970ల నుంచి గల్ఫ్ బాట పట్టిన మగవాళ్ల ఇళ్లలో వ్యవసాయం, పిల్లలు, అప్పులు అన్నీ ఆడవాళ్ల మీదే పడ్డాయి. తీరిక తగ్గడానికి ఇన్ని కారణాలున్నా ఆశ్చర్యం కలిగించే సంగతి, ఈ కాలంలోనే సకినం మరింత దూరం ప్రయాణించింది. వారాల తరబడి నిలవుండే గుణం దాన్ని దుబాయి, మస్కట్ వెళ్లేవాళ్ల సంచిలో చేర్చింది. వండుకోవడానికి తీరిక లేని గదుల్లో, మెతుకు కోసం బిడ్డల్ని వదిలి వెళ్లిన మనుషులకు ఇంటి నుంచి అందే ఏకైక చేతిపని అదే అయింది. ఆడబిడ్డ వెంట నడిచిన కానుక ఇప్పుడు కొడుకు వెంట, మగని వెంట కూడా నడిచింది. పాత నియమాన్ని సాగదీసి కొత్త ఎడబాటుకు వాడుకున్నది ఆడవాళ్లే.

ఇవాళ సకినాలు కిలోల లెక్కన అంగట్లో దొరుకుతున్నాయి. కరీంనగర్‌లో, హైదరాబాద్‌లో పిండివంటల దుకాణాలు ఏడాది పొడుగునా అమ్ముతున్నాయి, కొరియర్‌లో అమెరికా దాకా పంపుతున్నాయి. చేత్తో చుట్టినవని చెప్పుకోవడం అక్కడ అమ్మకానికి బలం. అంటే బజారు కూడా అమ్ముతున్నది చేతినే. దీన్ని చూసి ఆచారం చచ్చిపోయిందని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధతో నేను ఏకీభవించలేను. రోజంతా నేల మీద వంగి కూర్చుని ఇతరుల కోసం చుట్టిన పనికి నాలుగు రూపాయలు రావడం తప్పు ఎట్లా అవుతుంది? మహిళా సంఘాల అప్పుతో, వంట నేర్పుతో బతుకు నిలబెట్టుకున్న ఆడవాళ్లకు ఇంట్లోనే చేసుకుంటే బాగుండునని చెప్పే హక్కు మనకు లేదు. తూకం రాళ్లకూ వంతుల పద్ధతికీ మధ్య పోయిందేమిటో మాత్రం సూటిగా చెప్పుకోవాలి. వంతుల్లో పని తిరిగి వచ్చేది. దుకాణం వెనక గదిలో చుట్టేవాళ్లకు వచ్చేది కూలి మాత్రమే, అది కూడా తక్కువ. కొన్నవాళ్లకు ఎవరు చుట్టారో తెలియదు, చుట్టినవాళ్లకు ఎవరింటికి పోయాయో తెలియదు. పని పేరు పోగొట్టుకోవడం వెట్టికీ ఉన్న లక్షణమే. కొనుక్కోవడంలో తప్పు లేదు. పని విలువ తెలిసినవాళ్లుగా కొనడం, ధర అడిగేటప్పుడు ఒక కిలోకు ఎన్ని గంటలు వంగి కూర్చోవాలో గుర్తుపెట్టుకోవడం మన వంతు.

బతుకమ్మతో పోల్చి చూస్తే సకినం నిలబడిన తీరు ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంట్లో పేర్చిన పూల బతుకమ్మ కూడా ఆడవాళ్ల చేతిపనే, ఇచ్చిపుచ్చుకునే పండగే. తెలంగాణ ఏర్పడిన 2014లోనే దాన్ని రాష్ట్ర పండగగా ప్రకటించారు. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచింది, ఆ పని సిరిసిల్ల మరమగ్గాలకు ఆసరా అయింది. ఆ గుర్తింపు బతుకమ్మకు తగినదే. సకినానికి అలాంటి ప్రకటన రాలేదు, గుడి లేదు, పూజారి లేడు, సెలవు రోజు లేదు. 2016 అక్టోబరు 11న పెద్దపల్లి కొత్త జిల్లా అయినప్పుడు రాసుకున్న విశేషాల్లో బొగ్గు, కరెంటు, వరి కనిపిస్తాయి గాని వంటింటి గుడ్డ మీది పని కనిపించదు. రుచిగా ఉంది కాబట్టి నిలిచింది, ఇంత వివరణ ఎందుకు అనేవాళ్లకు ఒకటే జవాబు. రుచిగల తిండ్లు ఈ నేలలో చాలా ఉన్నాయి. సర్వపిండి రుచిగా ఉంటుంది, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఒక్కరే చేసుకుని తింటారు. అది వియ్యంకుల గంపలోకి ఎక్కలేదు. గంపలోకి ఎక్కింది నిలవుండేది, లెక్కించి పంచడానికి వీలైనది, పదిమంది కూడితే తప్ప కానిది. ఈ మూడు గుణాల్లో మూడోదే దాన్ని మర్యాద చేసింది.

కాబట్టి ఇంట్లో చేసిన కానుక మళ్లీ రావాలని కోరుకునేవాళ్లు సరుకు గురించి ఆలోచించడం కన్నా వంతు గురించి ఆలోచించడం మేలు. ఒక్క ఇల్లాలు, లేదా ఒక్క అవ్వ, ఇంటిల్లిపాది కోసం రెండు రోజులు నడుం విరగ్గొట్టుకుని చేసేది పాత పద్ధతి కానే కాదు. పాత పద్ధతిలో ఆమె ఒంటరిది కాదు. ఇప్పుడు వాడకట్టులో చుట్టరికం లేకపోవచ్చు. క్వార్టర్లో, అపార్టుమెంటులో, సంఘంలో పరిచయం ఉంది. పాత గుడ్డ మీద మగవాళ్లకు చోటు లేదు. ఇప్పుడు ఉండాలి, ఎందుకంటే పిండి కలపడానికీ తీగ చుట్టడానికీ కావలసినది అలవాటే. పాత గుడ్డ మీద కులపు గీత ఉంది. ఇప్పుడు దాన్ని చెరిపే అవకాశం మన చేతుల్లోనే ఉంది. పాత గంప ఆడపిల్ల వైపు నుంచే కదిలింది. ఇప్పుడు రెండు వైపుల నుంచీ కదలవచ్చు, లెక్క అడగకుండా కదలవచ్చు. ఈ మార్పుల వల్ల సంప్రదాయం పాడవుతుందని భయపడేవాళ్లు గతంలోకి ఒకసారి చూడాలి. రోకలి పోయి గిర్ని వచ్చింది, గానుగ పోయి డబ్బా వచ్చింది, కట్టెపొయ్యి పోయి గ్యాస్ వచ్చింది, ఆడబిడ్డ గంప గల్ఫ్ సంచి అయింది. ఇన్ని మారినా నిలిచింది ఒకరి పనిని ఒకరు పంచుకుని, తిరిగి తీర్చే మాట ఒక్కటే. ఆ మాట నిలబెట్టుకుంటే మిగతావి మారినా సకినం సకినంగానే ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఎంత కొత్త బియ్యంతో, ఎంత మంచి నూనెతో చేసినా అది కిలో లెక్కన కొనే ఇంకో చిరుతిండి మాత్రమే అవుతుంది.